మునుసామి ఊరు బొమ్మిడి కాదు

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్ళు మోశాను. మోయడం అనే మాట కూడా సరిపోదేమో. బరువైతే ఎక్కడో ఒకచోట దించి ఊపిరి పీల్చుకుంటాం. ఇది దిగేది కాదు. అన్నం తింటున్నా ఉంది. పిల్లలకు గుణింతాలు దిద్దిస్తున్నా ఉంది. నా భర్తకు చెప్పలేదు. కన్నకూతురికి చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. బహుశా అందుకే నోరు పెగులుతోంది.

మీరు కూడా తాతముత్తాతల పేర్లు వెతుక్కుంటున్న మనిషే అయితే, ఇది మీకు కొంత పనికొస్తుంది. ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. వెతికిపెట్టే మనిషిని ఎంతవరకు నమ్మవచ్చో కూడా తెలుస్తుంది.

మాది తమిళనాడులో ధర్మపురి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా పెద్దలు ఈ నేలకు ఎప్పుడు వచ్చారో సరిగ్గా చెప్పగలిగేవాళ్ళు లేరు. మాట మిగిలింది, రాత మిగల్లేదు. మావాళ్ళలో తెలుగు అక్షరం చదవగలిగినవాళ్ళు చాలా తక్కువ. ఆ తక్కువమందిలో నేనొకదాన్ని. మా నాయన కరణం. పాత దస్తావేజుల గొలుసుకట్టు రాత ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నాను. ఆ తర్వాత తెలుగు పిల్లలు చదువుకునే ఒక చిన్న బడిలో టీచరుగా చేరాను.

అందుకే జనం కాగితాలు పట్టుకుని నా దగ్గరికి వచ్చేవాళ్ళు. పెట్టె అడుగున దొరికిన పత్రాలు, ఎవరో రాసుకున్న పుట్టినరోజుల చీటీలు, చెదలు తిన్న ఉత్తరాలు. మొదట చదివి పెట్టేదాన్ని. తర్వాత వాళ్ళ కోసం ఆఫీసులకు వెళ్ళి వెతికిపెట్టడం మొదలుపెట్టాను. "టీచరమ్మ దగ్గరికి పోతే మీ ముత్తాత పేరు దొరుకుతుంది" అని సేలం దాకా పేరు పాకింది. ఆ పేరంటే నాకు ఇష్టం. ఎంత ఇష్టమో అప్పుడు తెలియలేదు.

వచ్చినవాళ్ళకు కొన్ని మాటలు తప్పకుండా చెప్పేదాన్ని. ముందు ఇంట్లో ముసలివాళ్ళను అడగండి, కాగితాలు ఆ తర్వాత. అడిగేటప్పుడు పేరు మీరు అందించకండి. అందిస్తే మిమ్మల్ని సంతోషపెట్టడానికి "అవునవును, ఆయనే" అంటారు. ఇక్కడి కాగితాల్లో మన ఇంటిపేరు ఉండదు, తండ్రి పేరులో మొదటి అక్షరమే ఉంటుంది. ఒకే పేరు, ఒకే తండ్రి పేరు ఉన్నవాళ్ళు నలుగురు దొరుకుతారు, కాబట్టి తల్లి పేరు కలిసేదాకా నమ్మకండి. జనన మరణాల రిజిస్టరులో లేకపోతే బడిలో పిల్లల్ని చేర్చుకున్న పుస్తకం చూడండి, పాత భూమి సర్వే పుస్తకాలు చూడండి. వంశాలు చెప్పుకుంటూ ఊళ్ళు తిరిగేవాళ్ళు కనబడితే వదలకండి, పుస్తకాల్లో లేనివి వాళ్ళ నోట ఉంటాయి. ఆడవాళ్ళు పెళ్ళితో పుట్టింటి లెక్కల్లోంచి మాయమవుతారు. అంతమాత్రాన వాళ్ళు లేరనుకోకండి. ఇక సముద్రం దాటి పోయినవాళ్ళు "మా ఊరు" అని చెప్పిన పేరు చాలాసార్లు వాళ్ళ ఊరు కాదు, వాళ్ళు రైలెక్కిన స్టేషను.

ఇవన్నీ నాకు తెలుసు. నోటికి వచ్చు. తెలియక చేశానని చెప్పుకోవడానికి నాకు దారి లేదు.

రెండు వేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్ళు అయివుంటుంది. మలేషియా నుంచి సుందరమ్మ వచ్చింది. అరవైకి దగ్గర పడిన మనిషి. చీర కట్టు అలవాటు లేనట్టు మాటిమాటికీ కుచ్చిళ్ళు సర్దుకుంటూ మా ఇంటి ముందు నిలబడింది. ఆమె నోరు తెరవగానే గుర్తుపట్టాను. మా అవ్వ మాట్లాడిన తెలుగు అది. ఇక్కడ మేం పోగొట్టుకున్న మాటలు అక్కడి రబ్బరు తోటల్లో బతికి ఉన్నాయి.

"మా నాయన పేరు మునుసామి. తాత తిమ్మప్ప, అవ్వ ఎల్లమ్మ. మమ్మల్ని ఎర్రబావోళ్ళు అంటారంట. ఊరు బొమ్మిడి అని చెప్తా ఉండె," అంది. "నాయనకు ఒక చెల్లెలు ఉండిందంట. పాప అని పిలస్తా ఉండె. పేరు నాకు తెలీదు."

ఆమె సంచిలో ఒక పాలపిండి డబ్బా ఉంది. పసుపు గుడ్డ చుట్టింది. అందులో వాళ్ళ నాయన బూడిద. ఆయన పోయి చాలా ఏళ్ళయినా కొంచెం దాచి ఉంచిందట. "మా అమ్మను పెట్టిన చోట నన్ను కొంచెమన్నా పెట్టండి" అని ఆయన పోయేముందు అడిగాడట. పిల్లల పెళ్ళిళ్ళు, భర్త జబ్బు, ఒకదాని వెనక ఒకటి వచ్చి ఇన్నాళ్ళూ కదల్లేకపోయింది. ఇప్పుడు పదకొండు రోజులు ఉండటానికి వచ్చింది. తిరుగు టికెట్టు చేతిలోనే ఉంది.

మొదటి వారం నేను నిజాయితీగానే వెతికాను. ఆ మాట చెప్పుకోవడం ఇప్పుడు సిగ్గుగా ఉంది గానీ అది నిజం. బొమ్మిడి చుట్టూ ఉన్న ఊళ్ళన్నీ తిరిగాం. ఎర్రబావోళ్ళు అనే మాట ఎవరూ విననేలేదు. ఒక బడిలో పాత పుస్తకాలు వానకు నానిపోయాయి. సుందరమ్మ ప్రతి సాయంత్రం బస్సు దిగుతూ నా మొహంలోకి చూసేది. "రేపు దొరుకుతుంది" అనేదాన్ని. మర్నాడు మళ్ళీ అదే మాట. నా మాటకు విలువ తగ్గిపోతున్నట్టు నాకే అనిపించేది. ఆమెకు అనిపించిందో లేదో నాకు తెలియదు.

ఎనిమిదో రోజున, పాత రిజిస్టర్లు ఉంచే గదిలో, మాకు ఒక మునుసామి దొరికాడు. తండ్రి తిమ్మప్ప. బొమ్మిడికి రెండు మైళ్ళ దూరంలో ఒక చిన్న ఊరు. వయసు ఇంచుమించు సరిపోయింది. తల్లి పేరు దగ్గర లచ్చుమమ్మ అని ఉంది.

అక్కడ ఆగి ఉండాలి. వేలు ఆ పేరు మీదే ఉంది. సుందరమ్మ నా భుజం మీదుగా వంగి చూస్తోంది, ఆమెకు తమిళం గానీ తెలుగు గానీ చదవడం రాదు. "దొరికిందా?" అంది. ఆ గది చూసుకునే పెద్దాయన అప్పుడే వచ్చి, పెన్నాగరం వైపు ఊళ్ళ కట్ట ఇంకొకటి పైన అటక మీద ఉందనీ, దించి దులిపి చూడాలంటే మూడు రోజులు పడుతుందనీ చెప్పాడు. సుందరమ్మకు ఉన్నవి కూడా మూడు రోజులే.

నేను ఏమనుకున్నాను అప్పుడు? ఎన్నోసార్లు నన్ను నేను అడిగాను. జాలిపడ్డానా? కొంత. అలసిపోయానా? అదీ ఉంది. కానీ అన్నిటికంటే అడుగున ఉన్నది వేరు. టీచరమ్మ వెతికింది, దొరకలేదు అని ఒక మనిషి సముద్రం దాటి పోయి చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు. అంతే. అంత చిన్న సంగతి.

"దొరికింది," అన్నాను.

తల్లి పేరు వేరుగా ఉందని దాచలేదు, చెప్పాను. చెప్పి, వెంటనే దానికి సమాధానం కూడా నేనే చెప్పాను. ఆ రోజుల్లో కోడలికి అత్తింట్లో ఇంకో పేరు పెట్టేవాళ్ళు, పుట్టింట్లో ఎల్లమ్మ, అత్తింట్లో లచ్చుమమ్మ అయివుంటుంది అన్నాను. ఆ ఆచారం నిజమే. మా ఇంట్లోనే ఉంది. నిజమైన సంగతిని తెచ్చి అబద్ధానికి ఆనుడుకర్రగా పెట్టాను. చెల్లెలి సంగతి అడిగితే, ఆడపిల్లలు రిజిస్టర్లలో కనబడరు అన్నాను. అదీ నిజమే.

మర్నాడు ఆ ఊరికి పోయాం. ఆ తిమ్మప్ప వంశంలో ఎవరూ మిగల్లేదు. ఇల్లు ఉన్నచోట మొండిగోడ ఒకటి ఉంది. ఒక ముసలాయనను పట్టుకుని, "తిమ్మప్ప కొడుకు మునుసామి మలేయా పోయినాడు కదా?" అని అడిగాను. నేనే అడిగాను, పేరు అందించి, దేశం అందించి. ఆయన కాసేపు సుందరమ్మ కన్నీళ్ళ వంక చూసి, "అవునవును, పోయినాడని మా పెద్దోళ్ళు చెప్తా ఉండిరి," అన్నాడు.

వాళ్ళ సమాధులు చేను గట్టు పక్కన ఉన్నాయి. రాళ్ళు పేర్చిన మూడు దిబ్బలు. ఏది ఎవరిదో చెప్పేవాళ్ళు లేరు. మధ్యదాన్ని నేనే చూపించాను. సుందరమ్మ చెప్పులు దూరంగా విడిచి వచ్చి, చేతులతో మట్టి తవ్వి, డబ్బాలోని బూడిద అందులో పోసింది. ఒక్క రేణువు కూడా మిగలకుండా డబ్బాను నీళ్ళతో కడిగి ఆ నీళ్ళు కూడా పోసింది. కర్పూరం వెలిగించింది. ఆ తర్వాత ఆ దిబ్బ మీద బోర్లా పడుకుని, "అవ్వా, నీ కొడుకును తెచ్చినాను," అంది. నేను పక్కన నిలబడి కళ్ళు తుడుచుకున్నాను. ఆ కన్నీళ్ళు కూడా నిజమైనవే. దానికి నేనేం చెప్పను?

వెళ్ళేముందు ఆమె, మనవరాలు రాసిచ్చిన చీటీ తీసి, అందులోని తన అడ్రసు నా నోటుపుస్తకంలో నా చేత రాయించింది. తోట పేరు కూడా. వాళ్ళ నాయన మొదట పనిచేసిన తోట పేరది, ఇప్పుడు ఆమె ఇల్లు కూడా ఆ దగ్గరే. నన్ను కౌగిలించుకుని, "నాకు తోడబుట్టినోళ్ళు లేరు. నువ్వే నా చెల్లివి," అంది.

ఆ సంగతి ఊరంతా తెలిసింది. స్థానిక తమిళ పత్రిక ఒకటి నా ఫోటో వేసింది. బడిలో శాలువా కప్పారు. సముద్రం అవతలి బిడ్డను తాత ఊరికి చేర్చిన టీచరమ్మ. కప్పించుకున్నాను.

మూడు నెలలు గడిచాయి. ఒకరోజు మధ్యాహ్నం బడి వదిలి ఇంటికి వచ్చేసరికి వరండా బల్ల మీద సేలం నుంచి వచ్చిన ఇద్దరు మగవాళ్ళు కూర్చుని ఉన్నారు. పత్రికలో చూసి, వాళ్ళ తాత వివరాల కోసం వచ్చారు. వాళ్ళతో మాట్లాడుతుండగా ఒక ముసలామె మెట్లెక్కింది. తొంభైకి దగ్గర పడిన మనిషి. పక్కన ఆమె మనవరాలు, ముప్పై ఏళ్ళ పిల్ల, రెక్క పట్టుకుని నడిపిస్తోంది. పాపారపట్టికి అవతల, పెన్నాగరం వైపు ఊరట. రెండు బస్సులు మారి వచ్చారు. ఆమె పేరు మాదమ్మ.

నేలమీద కూర్చుంది, పైన కూర్చోమంటే వినలేదు.

"టీచరమ్మా, మలేయా నుంచి ఒకామె వచ్చి మునుసామి వాళ్ళను వెతికిందంట గదా. పేపర్లో వచ్చిందని ఈ పిల్ల ఇప్పుడు చెప్పింది. పొట్లం కట్టుకోనొచ్చిన పేపరమ్మా అది, లేకపోతే తెలిసేదే కాదు. మా అన్న పేరూ మునుసామే. మా నాయన తిమ్మప్ప."

ఆమె కొంగు ముడి విప్పి, గుడ్డలో చుట్టిన ఒక ఉత్తరం తీసింది. మడతల దగ్గర విరిగిపోయి నాలుగు ముక్కలయింది.

"మా అన్న పోయిన మూడేండ్లకు ఈ కడుదాసి వచ్చింది. ఇది ఒకటే. అప్పుడు ఒక అయ్యోరు చదివి చెప్పినాడు. మా ఇంట్లో ఎవరికీ తెలుగు చదివేకి రాదు. నువ్వు చదువుతావంట గదమ్మా."

చదివాను. ఎవరో అక్షరం తెలిసిన తోటి కూలీ రాసిపెట్టినది. చిరంజీవి పాపకు నీ అన్న మునుసామి దీవించి రాయించునది. నేను ఇచ్చట క్షేమము. రబ్బరు పాలమాను కోయు పని. ఆడి నెల పద్దెనిమిదో దినమున అమ్మ సమాధి మీద దీపము పెట్టుము. ఎర్రబావి నీళ్ళు తాగి చాలా దినములాయెను. నేను వచ్చువరకు నీవు ఊరు విడిచి పోకుము.

నేను చదువుతుంటే ఆమె పెదవులు నాకంటే ఒక మాట ముందు కదిలాయి. ఒక్కసారి విని, డెబ్బై ఏళ్ళకు పైగా అక్షరం పొల్లుపోకుండా దాచుకుంది. అడుగున తోట పేరు ఉంది. నా నోటుపుస్తకంలో ఉన్న పేరే.

"అమ్మ ముందే పోయింది. అన్నే నన్ను సాకినాడు," అంది మాదమ్మ. "తోటలకు కూలోళ్ళను పిలుచుకోని పోయే కంగాణి వచ్చి మనుషుల్ని బొమ్మిడి స్టేషను కాడ చేర్చి రైలెక్కించినాడు. నాకప్పుడు పదేండ్లు. అన్న ఊరు విడిచి పోవద్దనె గదా, అందుకే నేను పై ఊరి సంబంధం ఒప్పుకోలేదమ్మా. ఆయన్నే మా ఊరికి ఇల్లరికం రమ్మన్నాము. నేను పోతే అన్న వచ్చి ఎవర్ని అడగాల?"

ఉత్తరం ముక్కలు నా చేతిలోనే ఉన్నాయి. బల్ల మీది ఇద్దరూ మాట ఆపి మా వైపే చూస్తున్నారు. గోడకు శాలువా కప్పిన ఫోటో ఉంది. నేను ఒక్క మాట అనాలి. అవ్వా, అది నీ అన్నకూతురే, నేను పొరపాటు చేశాను. అంతే. సముద్రం అవతల ఆమె బతికే ఉంది. అడ్రసు లోపల బీరువాలో ఉంది.

"ఆమె మా అన్న కూతురేనా, చూడమ్మా?" అంది.

"కాదవ్వా," అన్నాను. "ఆ మునుసామి వేరే. బొమ్మిడాయన."

"ఎల్లమ్మ కొడుకు కాదా?"

"కాదు. వాళ్ళమ్మ పేరు లచ్చుమమ్మ. కాగితంలో అట్లే ఉంది."

ఆమె ఉత్తరం ముక్కలు ఒక్కొక్కటీ తీసుకుని మళ్ళీ గుడ్డలో చుట్టింది.

"కాగితంలో ఉంటే సరేలేమ్మా. కాగితం అబద్ధం చెప్తుందా," అంది.

లేవడానికి చేయి అందించబోయాను. మనవరాలు లేపింది. మెట్ల దగ్గర ఆగి, "ఆమెకన్నా వాళ్ళ ఊరు దొరికింది గదా, మంచిదే," అని కూడా అంది. అది ఎత్తిపొడుపు కాదు. నిజంగా సంతోషపడి అన్న మాట. ఎత్తిపొడిచి ఉంటే నేను తట్టుకునేదాన్నేమో.

ఆ ఇద్దరు మగవాళ్ళ పని నేను ఆ రోజు చేశాను. వాళ్ళ తాత పేరున్న పత్రం చదివి, ఏ ఆఫీసుకు పోవాలో రాసిచ్చాను. ఒక్క అక్షరం తప్పు పోలేదు. మనిషి ఎంత త్వరగా కుదుటపడుతుందో చూశారా?

ఆ వారమే సుందరమ్మకు ఉత్తరం మొదలుపెట్టాను. చింపేశాను. ఏమని రాయాలి? మీ మేనత్త బతికి ఉంది అని రాయగానే, మీ నాయన బూడిద పరాయివాళ్ళ దిబ్బలో ఉంది అని కూడా రాయాలి. రెండూ ఒకే వాక్యం. మొదటిది రాసి రెండోది దాచలేను. బడి పరీక్షలు అయ్యాక రాద్దాం అనుకున్నాను. ఆ తర్వాత ఎండాకాలం. ఆ తర్వాత, ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదని అడిగితే ఏం చెప్పాలనే భయం. ఆలస్యం చేసిన ప్రతి నెలా ఆ తప్పుకు ఇంకో తప్పు చేర్చింది. మూడుసార్లు మొదలుపెట్టాను. మూడూ పొయ్యిలో వేశాను. పాపారపట్టి బస్సు మా వీధి చివరే ఆగుతుంది. ఎక్కితే గంట కూడా పట్టదు. ఎక్కలేదు.

మరుసటి ఏడాది వానలు పడ్డాక, బస్టాండులో మాదమ్మ మనవరాలు కనబడింది. నేను తప్పుకుని పోబోయాను. ఆమే వచ్చి పలకరించింది. అవ్వ పోయి రెండు నెలలయింది అంది. నొప్పేమీ లేకుండా పోయిందట. ఆ పిల్ల ఇంకో మాట కూడా చెప్పింది. నన్ను బాధపెట్టాలని కాదు, ఊరికే మాటల్లో చెప్పింది. అంతకుముందు ఊళ్ళోకి కొత్తమనిషి ఎవరు వచ్చినా అవ్వ బయటికి వచ్చి ఎవరి తాలూకని అడిగేదట. నా దగ్గరికి వచ్చి పోయాక అడగడం మానేసిందట. "టీచరమ్మే చదివి చూసి కాదనింది, ఇంక మా అన్న బిడ్డలు లేరులే" అందట. ఆ ఆడి పద్దెనిమిదికి తల్లి సమాధి మీద దీపం కూడా మనవరాలినే పెట్టమందట.

డెబ్బై ఏళ్ళకు పైగా దేనికీ ఆరని ఆశ. రెండో ప్రపంచయుద్ధం ఆర్పలేదు. ముసలితనం ఆర్పలేదు. నా ఒక్క మాట ఆర్పింది. ఇది నేను పెద్దదిగా చేసి చెప్పడం లేదు. తగ్గించి చెప్పడానికే ఇన్నేళ్ళూ ప్రయత్నించాను.

సుందరమ్మ దగ్గరనుంచి ప్రతి ఏడాదీ ఉత్తరం వచ్చేది. మనవరాలి చేత ఇంగ్లీషులో రాయించేది, కింద వంకరగా వేలిముద్రలాంటి సంతకం. చెల్లీ, అవ్వ సమాధి దగ్గర నా పేరున ఒక కర్పూరం వెలిగించు అని. చెల్లీ, నాయన ఇప్పుడు కలలోకి రావడం లేదు, అమ్మ దగ్గర నిద్రపోతున్నాడు అని. ఆ ఉత్తరాలకు జవాబు రాశాను. వెలిగించాను అని రాశాను. ఒకటి రెండుసార్లు నిజంగానే పోయి వెలిగించాను. ఎవరికి వెలిగించానో, ఆ లచ్చుమమ్మ ఎవరో, ఆమె కొడుకు మునుసామి ఎక్కడ చచ్చాడో ఎవరికి తెలుసు? ఆమెకు కూడా నేను అపచారమే చేశాను. ఆమె కొడుకు కానివాణ్ణి తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాను.

నాలుగేళ్ళ తర్వాత ఉత్తరం కొడుకు దగ్గరనుంచి వచ్చింది. అమ్మ నిద్రలోనే పోయిందనీ, నాయన కోరిక తీర్చాను అనే తృప్తితో పోయిందనీ, అందుకు మీకు మేమంతా రుణపడి ఉన్నామనీ రాశాడు. చివర్న, అమ్మ మిమ్మల్ని ఎప్పుడూ పిన్ని అని పిలవమనేది, కాబట్టి నేనూ అలాగే పిలుస్తాను అని రాశాడు.

కొన్ని రోజులు ఆ ఉత్తరాన్ని అడ్డం పెట్టుకుని బతికాను. చూడు, ఆమె శాంతిగా పోయింది కదా. నీ అబద్ధం ఒక మనిషికి మేలు చేసింది కదా. బూడిద ఎక్కడ కలిస్తే ఏమిటి, అంతా ఒకే మన్ను కదా. ఇలా ఎన్నో. కానీ ఆ శాంతి ఎవరి దగ్గర నుంచి తీసి ఇచ్చాను? మాదమ్మ దగ్గరనుంచి. సుందరమ్మకు నేనిచ్చింది తండ్రి ఊరు కూడా కాదు. ఆమెకు ఈ లోకంలో తండ్రి వైపు రక్తసంబంధం ఒకటి అప్పటికి బతికి ఉంది, తండ్రిని పేరు పెట్టి పిలవగలిగే, ఆయన పదహారేళ్ళప్పుడు ఎలా నవ్వేవాడో చెప్పగలిగే ఒక్క మనిషి. తోడబుట్టినోళ్ళు లేరని నన్ను పట్టుకుని ఏడ్చిన ఆమెకు ఆ మనిషిని నేను దక్కనివ్వలేదు. ఒకరికి మేలు, ఒకరికి కీడు అని చెప్పుకున్నాను గానీ, ఇద్దరికీ కీడే చేశాను. ఒకామెకు తెలియదు, అంతే తేడా.

ఈమధ్య ఒకసారి పాపారపట్టి బస్సెక్కాను. ఊరు దొరకడం కష్టం కాలేదు. ఎర్రబావి అని అడిగితే మొదటి మనిషే చూపించాడు. బావి గట్టు ఎర్రరాయితో కట్టారు. ఎల్లమ్మ సమాధి పక్కన మాదమ్మను పెట్టారు. ఇంకో పక్క ఒక మనిషికి సరిపడేంత చోటు ఉంది. బొమ్మిడి దిబ్బ నుంచి పిడికెడు మట్టి తెచ్చి అక్కడ కలుపుదామా అనుకున్నాను. ఎవరికీ తెలియదు, నాకు మనశ్శాంతి. కానీ ఆ పిడికెట్లో మునుసామి ఉంటాడో, లచ్చుమమ్మ ఉంటుందో? తెలియకుండానే ఇదే ఆయన అని చెప్పి పెట్టడం, అది నేను ఒకసారి చేసిన పనే. చేయలేదు. చేతులు కడుక్కుని వచ్చేశాను. మనవరాలి ఇంటి తలుపు తెరిచే ఉంది. ఆ తలుపు ముందు నుంచే నడిచి బస్టాండుకు వచ్చాను.

ఇప్పుడు కూడా జనం వస్తారు. వెతికిపెడతాను. తల్లి పేరు కలవకపోతే, దొరకలేదు అని చెప్పి పంపిస్తాను. ఎంత నిజాయితీ గల మనిషో అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా తల వంచుకుని తర్వాతి కాగితం తీస్తాను.

ఇది చదివాక మీరు నన్ను అసహ్యించుకుంటే అది న్యాయమే. క్షమించమని మిమ్మల్ని అడగను, క్షమించడం మీ చేతిలో లేదు. ఎవరి చేతిలో ఉందో వాళ్ళిద్దరూ లేరు. సుందరమ్మ కొడుక్కి రాస్తానా? మాదమ్మ మనవరాలి ఇంటి మెట్లెక్కుతానా? ఆ కొడుకూ ఈ మనవరాలూ ఒకరికొకరు ఏమవుతారో ఈ లోకంలో నా ఒక్కదానికే తెలుసు. రాస్తాను అని ఇక్కడ రాసేయడం తేలిక. నన్ను నేను ఎరుగుదును కాబట్టి ఆ మాట రాయను. ఇప్పటికి ఇంతవరకే చేతనయింది. తెలుగులో, పేరు లేకుండా, వాళ్ళిద్దరిలో ఎవరూ చదవలేని అక్షరాల్లో. ఇందులో కూడా పిరికితనం ఉంది, నాకు కనబడుతూనే ఉంది.

అయినా చెబుతున్నాను. ఇది రాస్తుంటే, ఆ మధ్యాహ్నం తర్వాత మొదటిసారి ఊపిరి పూర్తిగా లోపలికి పోయింది.

మాదమ్మ తన అన్న కూతురు వచ్చిందా అని అడిగింది. వచ్చింది. పదకొండు రోజులు ఉండి పోయింది. నాకు తెలుసు. తెలిసి, కాదని చెప్పాను.